సీటు బేరం

బాగేపల్లి,
12 మే 2025

పెద్దనాయనకు చైత్ర నమస్కారాలు.

ఇక్కడ అమ్మ, నాన్న, కిరాణా అంగడి ముగ్గురూ క్షేమం. పెద్దమ్మ మోకాలు ఎలా ఉందో రాయండి.

పీయూసీ ఫలితాలు వచ్చాయని నాన్న ఫోన్లో చెప్తే మీరు "నోటి మాట గాలికి పోతాది, రాసి పంపమను" అన్నారట. అందుకని రాస్తున్నాను. ఆరువందలకు ఐదువందల యాభై ఆరు. మార్కుల కాగితం జిరాక్సు జత చేశాను. జిరాక్సు మీద నమ్మకం లేకపోతే అసలుది తెచ్చి చూపిస్తాను.

నాకు బీబీయే చదవాలని ఉంది. అంటే వ్యాపారం గురించిన డిగ్రీ, మూడేళ్ళు. ఈ మాట నాన్నతో చెప్పాను. నాన్న కందిపప్పు తూకం వేస్తూ "మనం ఇన్ని తరాలుగా చేస్తాండేది అదే గదమ్మా, దానికి కాలేజీ ఎందుకు?" అన్నాడు. అమ్మ లోపలినుంచి "డాక్టరు కొడుకు డాక్టరు చదవడం లేదా?" అంది. నాన్న ఆ కిలో పొట్లం కట్టేదాకా ఆలోచించి తీర్పు చెప్పాడు. "అన్న పోయి చూసి యా కాలేజీ అంటే ఆ కాలేజీ. అన్న వద్దంటే కరెస్పాండెన్సులో బీకాం కట్టి అంగట్లో కూచో." ఇక దాని మీద అప్పీలు లేదు.

చూడవలసినవి రెండు. ఒకటి మీ చింతామణిలోనే ఉంది. రెండోది చిక్కబళ్ళాపురంలో, బైపాసు పక్కన.

ఒక మనవి. మీరు చిన్నప్పుడు హిందూపురంలో అవ్వ వాళ్ళింట్లో ఉండి తెలుగు బళ్ళో చదువుకున్నారు. నాన్న ఇక్కడ కన్నడ బళ్ళో చదివాడు. ఆయనకు తెలుగు మాటే గానీ తెలుగు అక్షరం రాదు. నాదీ కన్నడ బడే అయినా, వేసవి సెలవుల్లో మీరు మీ బట్టల అంగట్లో తానుల మీద చీటీలు రాయించి నాకు తెలుగు నేర్పారు. అందువల్ల మీ ఉత్తరాలన్నీ ఎప్పటిలాగే అంగట్లో నాన్నకు నేనే పైకి చదువుతాను. సరుకులకు వచ్చినవాళ్ళు కూడా వింటారు. అది గుర్తు పెట్టుకొని రాయగలరు.

చైత్ర

*

చింతామణి,
25 మే 2025

చిరంజీవి చైత్రను పెద్దనాయన గోపాలప్ప దీవించి రాయడమేమంటే,

ఐదువందల యాభై ఆరు చూశాను. మిగతా నలభై నాలుగు ఎక్కడ పోయాయో రాయలేదు. సంతోషం.

చింతామణి కాలేజీకి పోయి వచ్చాను. కాలేజీని ఎలా చూడాలో నీకూ తెలియాలి కనుక వివరంగా రాస్తున్నాను. ముందు గేటు దగ్గర వాచ్‌మన్‌ను పలకరించాను. ఎన్నేళ్ళుగా ఉన్నావంటే మూడు నెలలు అన్నాడు. అతనికి ముందున్నవాడు నాలుగు నెలలు. వాచ్‌మన్ నిలవని చోట మేష్టర్లు నిలుస్తారా? తర్వాత క్యాంటీనులో టీ తాగాను. వేడినీళ్ళు. తర్వాత ప్రిన్సిపాల్ గదిలో కూర్చొని పరదా గుడ్డ పట్టుకొని చూశాను. పట్టులా మెరుస్తోంది గానీ పాలిస్టరు. మీటరు ఎంతకు తెచ్చారని అడిగాను. నా అంగట్లో ధరకు రెండింతలు చెప్పారు. వ్యాపారం నేర్పేవాళ్ళే గుడ్డ దగ్గర మోసపోతే పిల్లలకు ఏం నేర్పుతారు?

బీబీయే చెప్పే ముగ్గురినీ కలిశాను. మంచివాళ్ళు. మీకు అంగడి ఉందా అని ఒక్కొక్కరినీ అడిగాను. ఒక్కరికీ లేదు. మార్కెటింగ్ చెప్పే ఆయనను, సాయంత్రం మా అంగడికి వచ్చి ఒక్క పంచె అమ్మి చూపించమన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

మీ పెద్దమ్మ సుబ్బలక్ష్మమ్మ "బిడ్డకు కాలేజీ చూడమంటే పెండ్లికొడుకును చూసినట్ల చూస్తాండావే" అంటోంది. పెళ్ళికొడుకును ఇంత జాగ్రత్తగా ఎవరూ చూడరని చెప్పాను.

ఇది నాగరాజుకు చదివి వినిపించు. తమ్ముడా, చింతామణి కాలేజీ వద్దు. చిక్కబళ్ళాపురం కూడా చూసి చెప్తాను. తొందరపడవద్దు. తొందర కొనేవాడికి చేటు.

గోపాలప్ప

*

బాగేపల్లి,
8 జూన్ 2025

పెద్దనాయనకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి వినిపించాను. పరదా గుడ్డ భాగం దగ్గర ఆదెప్ప తాత బెల్లం కొనడానికి వచ్చిన సంగతే మరిచిపోయి, "ఆ ముక్క ఇంగోసారి చదువమ్మా" అన్నాడు. రెండుసార్లు చదివాను. నాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "అన్నంటే అన్నే. ఆయన కన్ను పడితే సరుకు దాగదు" అని పొద్దుగూకేదాకా వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

నేను నా స్నేహితురాలు అక్షతతో కలిసి చిక్కబళ్ళాపురం కాలేజీ చూసి, అప్లికేషను పెట్టి వచ్చాను. అమ్మతో చెప్పే వెళ్ళాను. మీ పద్ధతిలోనే చూశాను. వాచ్‌మన్ పేరు మునినారాయణ, పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాడు. టీ చిక్కగా ఉంది. పరదాలు లేవు.

అక్కడ మూడో ఏడు పిల్లలు సంతలో నిజంగా సరుకు పెట్టి అమ్మాలట. నష్టం వస్తే మార్కులు తీసెయ్యరట. ఎందుకు వచ్చిందో రాసి ఇమ్మంటారట. అది విన్నప్పటినుంచీ నాకు ఇంకే కాలేజీ మీదా మనసు లేదు. నాకు అదే కావాలి పెద్దనాయనా. ఇంతకంటే మర్యాదగా ఎలా అడగాలో తెలియడం లేదు.

సీట్లు వచ్చినవాళ్ళ మొదటి పట్టీలో నా పేరు పదిహేడోది. ఈ నెల పదహారు, సోమవారం సాయంత్రం ఐదు లోపల పెద్దవాళ్ళు ఒకరు వచ్చి ఫీజు మొదటి వాయిదా కడితే సీటు ఖాయం. నేను తర్వాత వెళ్ళి సంతకం పెట్టవచ్చు. ఐదు దాటితే సీటు తర్వాతివాళ్ళకు పోతుంది. నాన్నకు ఇది విత్తనాల కాలం, అంగడి వదిలి కదలలేడు. డబ్బు మీకు పంపిస్తానన్నాడు. మీరు చూసి, నచ్చితే అక్కడికక్కడే కట్టెయ్యమన్నాడు. ఈ ఉత్తరం మొత్తం నాన్నకు వినిపించే కవరులో పెడుతున్నాను.

చైత్ర

*

చింతామణి,
18 జూన్ 2025

చైత్రకు ఆశీస్సులు.

చిక్కబళ్ళాపురం పోయి వచ్చాను. శిడ్లఘట్ట దాకా నిలబడే ప్రయాణం. పట్టుగూళ్ళ మార్కెట్టు జనం.

ఆ కాలేజీ మనకు సరిపడదు. మెట్లు ఎక్కువ. బైపాసు మీద లారీలు చాలా వేగంగా పోతున్నాయి. ఆఫీసులో మనిషికి మర్యాద తెలియదు. నాగరాజు పంపిన డబ్బు భద్రంగా ఉంది.

చదువు ఇంట్లో కూర్చున్నా వస్తుంది. మీ నాన్న చెప్పిన కరెస్పాండెన్సు సంగతి ఆలోచించు.

మీ పెద్దమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. మోకాలి నొప్పి.

గోపాలప్ప

*

బాగేపల్లి,
24 జూన్ 2025

పెద్దనాయనకు,

మీ ఉత్తరం ఎప్పటిలాగే అంగట్లో పైకి చదివాను. 'సరిపడదు' అన్నచోట 'బాగుంది' అని చదివితే నాన్నకు తెలిసేది కాదు. అంత జనంలో ఒక్కరికీ తెలిసేది కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఒకరు రాసింది రాసినట్టే చదవాలని నాకు నేర్పింది మీరు. అలాగే చదివాను. నాన్న "అన్న వద్దంటే వద్దు" అని చక్కెర బస్తా విప్పాడు. ఆ మర్నాటినుంచి గల్లాపెట్టె దగ్గర నన్ను కూర్చోబెట్టాడు.

మీ ఉత్తరాలు ఎప్పుడూ రెండు కాగితాలకు తక్కువ ఉండవు. ఇది అర కాగితం. వాచ్‌మన్ లేడు, టీ లేదు. నాకు అనుమానం వచ్చింది. అమ్మ అంగట్లో కూర్చుంది, నేను చిక్కబళ్ళాపురం వెళ్ళాను.

ఆఫీసు గుమాస్తా అమరేష్ చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"మీ పెద్దనాయన మంచోరమ్మా. వాచ్‌మన్‌తో మాట్లాడిరి, టీ తాగిరి, కాలేజీ బాగుండాదనిరి. ఫీజు చెప్తే 'అది సరే, ఆఖరి మాట చెప్పండి' అనిరి. ఇదే ఆఖరి మాట అంటిమి. రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారు అనిరి. మా ఊరి పిల్లోల్లనంతా మీకే పంపిస్తా, దాన్ని చూసి చెప్పండి అనిరి. తగ్గేది లేదు సార్ అంటిమి. 'అయితే నేనొస్తా' అని గొడుగు తీసుకొని లేచి పోయిరి. జిరాక్సుకు పోయినారేమో అనుకొంటిమి. ఐదు దాకా మీ ఫైలు తెరిచే పెట్టింటి."

వాచ్‌మన్ మునినారాయణ చెప్పింది కూడా రాస్తాను. మీరు మెట్ల దగ్గరనుంచి గేటు దాకా రావడానికి పావుగంట పట్టిందట. మధ్యలో నోటీసు బోర్డు దగ్గర నిలబడి రెండుసార్లు చదివారట. అందులో పోయిన ఏటి కబడ్డీ ఫలితాలున్నాయి. తర్వాత గేటు ఎదురుగా టీ అంగట్లో కూర్చొని ఐదున్నర దాకా ఆఫీసు వైపే చూశారట.

మీ అంగట్లో నేను చూశాను పెద్దనాయనా. చీర నచ్చి, ధర నచ్చక లేచిపోయిన అమ్మను మీరు గడప దాటనిచ్చి, "రామ్మా, ఒక మాట" అని వెనక్కి పిలుస్తారు. అది చీర. ఇది నా సీటు. మిమ్మల్ని ఎవరూ పిలవలేదు, నా సీటు పోయింది. నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. బస్సులో ఏడ్చాను. పక్కనున్నావిడ ఎవరు పోయారని అడిగింది.

ఇప్పుడు పని మాట. జులై ఏడున రెండో పట్టీ. రెండు సీట్లు మిగిలాయి. మార్కుల ప్రకారం ఒకటి నాకు వస్తుందని అమరేష్ అన్నాడు. కానీ ఈసారి తండ్రే వచ్చి కట్టాలట. నాన్నతో జరిగింది చెప్పాను. "అన్న అట్ల చేసే మనిషి కాదు. నువ్వు కాలేజీ కోసరం కతలు చెప్తాండావు" అన్నాడు. మీకు ఫోన్ చేసి అడగమన్నాను. అన్నను నిలదీయమంటావా అన్నట్టు చూశాడు. మీరేమో ఫోన్లో బస్సు టైము తప్ప ఏదీ చెప్పరు.

మీరు ఎప్పటిలాగే తెలుగులో రాస్తే చదవవలసింది నేనే. నేను చదివితే కల్పించి చదివానంటాడు. కాబట్టి నాన్నకే రాయండి. కన్నడ అక్షరాల్లో, ఆయన తన కళ్ళతో చదువుకునేలా రాయండి. నేను అడిగేది అదొక్కటే. ఏడో తేదీ దాటితే నేను ఈ గల్లాపెట్టె దగ్గరే ఉంటాను.

చైత్ర

*

చింతామణి,
1 జులై 2025

చైత్రకు,

నీ ఉత్తరం చేరింది. పావుగంట కాదు, పది నిమిషాలు. మిగతాదంతా నిజం.

నీకు అబద్ధం రాయకూడదని చాలా జాగ్రత్తపడ్డాను. మెట్లు ఎక్కువే. లారీలు వేగంగానే పోతాయి. రాయవలసిన ఒక్క ముక్క రాయలేదు, అంతే. నీ ఉత్తరం వచ్చేదాకా అది అబద్ధం కాదనే నాకు నేను చెప్పుకున్నాను.

కన్నడ అక్షరాలు నాకు సరిగా రావు. అంగడి బోర్డు పెయింటరు రాశాడు. బిల్లుల మీద అంకెలు వేసి సంతకం పెడతాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళో అలాగే జరుపుకొచ్చాను, ఎవరికీ తెలియదు. ఈ మాటే వంకగా పెట్టి, నాగరాజుకు రాయలేనని నీకు రాద్దామనుకున్నాను. మీ పెద్దమ్మ "తమ్ముని ముందర తలకాయ వంచేదానికి నామోషీ అయితే వద్దులే. బిడ్డను జన్మంతా గల్లా కాడ కూచోబెట్టు, నీ పరువు బతుకుతాది" అంది. మోకాలి నొప్పి మొదలైన తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

ఆమె కన్నడలో ఏడో తరగతి దాకా చదివింది. పక్కన కూర్చొని అక్షరాలు దిద్దించింది. మూడు రోజులు పట్టింది. నాగరాజుకు వేరే కవరులో పంపుతున్నాను. మాట తెలుగే, అక్షరాలు మాత్రం కన్నడ. అది నువ్వు విప్పవద్దు.

నీ సీటు నా వల్లే పోయింది. చిన్నవాళ్ళను క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు. అయినా అడుగుతున్నాను.

పెద్దనాయన

*

చింతామణి
1 జులై

తమ్ముడు నాగరాజుకు,

ఈ జాబు నువ్వే చదువు. చైత్ర చేతికి ఇయ్యొద్దు. అక్షరాలు వంకరగా ఉండాయి, నిదానంగా చదువు. మరీ నిదానం వద్దు, ఏడో తేదీ దాకానే గడువుండాది.

చిక్కబళ్ళాపురం కాలేజీ మంచిది. నేను సరిపడదని రాసింది తప్పు. ఫీజు తగ్గిస్తారేమోనని బేరం చేస్తి. తగ్గించలే. లేచి వస్తే పిలుస్తారనుకొంటి. పిలవలే. మళ్ళా పోయి కట్టేస్తామని టీ అంగట్లో కూచోనే ఉంటి, కాళ్ళు రాలే. పిలవకనే తిరిగొచ్చే గిరాకీని చూసి అంగడోడు లోపల ఎట్ల నవ్వుకుంటాడో నాకు తెలుసు. నేను నవ్వినోన్నే గదా. ఐదు గంటలకు సీటు పాయె.

నా బేరంలో నష్టమొస్తే నాకు రావల్ల. ఈ తూరి నీ బిడ్డకు వచ్చె. దానికి నాకు శానా బాధగా ఉండాదిరా.

చైత్ర నీకు చెప్పింది కత కాదు. నాయన పోయినప్పటినుంచి నువ్వు నా మాటకు ఎదురు చెప్పలే. నేను చెప్పిండేవన్నీ సరిగా ఉన్నాయా? ఉండవు. అడగాల్సింది నువ్వు. నువ్వు అడగలే, నేను చెప్పలే.

ఏడో తేదీ అంగడి మూసి నువ్వే పో. నువ్వు పంపిన డబ్బు నీకే తిరిగి పంపినా, వాళ్ళు ఎంత చెప్తే అంత కట్టు. నోరెత్తొద్దు.

అన్న
గోపాలప్ప

*

బాగేపల్లి,
8 జులై 2025

పెద్దనాయనకు నమస్కారాలు.

నాన్నకు మీరు రాసిన కవరు శుక్రవారం వచ్చింది. నాన్న అలవాటు కొద్దీ నా చేతికిచ్చి "చదువమ్మా" అన్నాడు. "మీ పేరున ఉంది నాన్నా, మీరే చూడండి" అన్నాను. విప్పి చూసి, కన్నడ అక్షరాలు కనబడగానే కళ్ళద్దాలు తెమ్మన్నాడు. బియ్యం బస్తా మీద కూర్చొని అరగంట చదివాడు. పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రాలేదు. ఆదెప్ప తాత ఆగలేక "గోపాలప్ప ఏం రాసినాడప్పా, పైకి చదువు" అన్నాడు. నాన్న "ఇది నాకు రాసిండాది" అన్నాడు. తర్వాత దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అడిగినా నాకు ఇవ్వలేదు. మీరు ఏం రాశారో నాకు ఈనాటికీ తెలియదు.

నాతో ఒక్క మాట అన్నాడు. "నిన్ను నమ్మకపోతి. తప్పైపాయె." అని మళ్ళీ తూకం దగ్గరికి వెళ్ళాడు.

నిన్న అంగడి మూశాం. విత్తనాల కాలంలో అంగడి మూయడం నేను పుట్టాక ఇదే మొదలు. పక్క అంగళ్ళవాళ్ళు ముగ్గురు వచ్చి ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగారు. కాలేజీలో పట్టీ పెట్టారు. రెండు సీట్లలో రెండోది నాకు వచ్చింది. అమరేష్ ఫీజు చెప్పాడు. నాన్న నోరు తెరిచాడు. జేబు తడుముకున్నాడు. నోరు మూసుకున్నాడు. మొత్తం కట్టేశాడు. రసీదు నా చేతికిచ్చి, "వీళ్ళు ఒక్క రూపాయి కూడా తగ్గించరంట, గట్టి మనుషులు" అన్నాడు. అది మెచ్చుకోలో, దిగులో నాకు తెలియలేదు. నేను సంతకం పెట్టాను. మా తరగతిలో అరవైమంది, నేను అరవయ్యోదాన్ని.

తిరుగు బస్సు పేరేసంద్ర దాటాక నాన్న నోరు విప్పాడు. "ఇరవై ఏండ్లుగా అన్న జాబులు వింటాండా. ముందర పోస్టుమ్యాను చదివె, ఆమీద నువ్వు చదివితివి. నాకెప్పుడూ మీ గొంతే వినపడె. అన్న గొంతు వినింది ఇదే మొదలు." ఇలా అని ఏడ్చాడు. నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక బస్సు టికెట్టు చదువుతూ కూర్చున్నాను.

మీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది. అయిపోగానే రాస్తాను. పెద్దమ్మకు నా నమస్కారాలు వేరుగా చెప్పండి.

ఇరవై ఒకటినుంచి క్లాసులు. పొద్దున ఏడు గంటల బస్సుకు పోతే ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరవుతుంది. ఇకమీదట మీ ఉత్తరాలు చదివి వినిపించడానికి నేను అంగట్లో ఉండను. నాకు రాసేది నాకు తెలుగులో రాయండి. నాన్నకు నేరుగా ఆయన అక్షరాల్లోనే రాయండి, త్వరగా రాయండి. ఈ పూట పోస్టుమ్యాను వచ్చే వేళకు తూకం వదిలేసి అంగడి బయట నిలబడ్డాడు.

చైత్ర